పూలమడిలో ఎడము

మన పాఠశాల ముంగిటనున్న పూలమడి నిడివి 12 అడుగులు, వెడల్పు 4 అడుగులు. రెండేండ్ల క్రిందట వార్షికోత్సవమునకు ముందు మేము అందులో 17 మొక్కలు నాటితిమి. మందారములు ఆరు, నందివర్ధనములు నాలుగు, నూరువరహాలు నాలుగు, గన్నేరులు రెండు, తంగేడు ఒకటి. ఆనాడు వచ్చిన తలిదండ్రులు చూచి సంతోషించిరి. మేమును సంతోషించితిమి. నేడు ఆ మడియొద్ద నిలిచి చూచినచో, చేసినది పొరపాటని ఒప్పుకొనక తప్పదు.

చక్కగా ఎదిగిన మందారము నాలుగైదడుగుల చోటు కోరును. మేము ఇచ్చినది రెండడుగులైనను లేదు. మొక్కలు వెలుతురు కొరకు ఒకదానినొకటి త్రోసికొనుచు సన్నగా పొడుగు సాగినవి. క్రింది ఆకులు రాలినవి. పూవులు పైకొనలకే పోయినవి. నడుమ గాలి యాడదు గనుక పిండినల్లి ఒక కొమ్మనుండి మరియొక కొమ్మకు సులువుగా ప్రాకినది. వేసవిలో నీరు పోసిన పిల్లలకు మరియొకటి తెలియును: ఎన్ని బిందెలు పోసినను మరునాటికి మన్ను ఎండియే యుండును. పదిహేడు మొక్కల వేళ్లు ఆ కొద్ది మన్నునే పంచుకొనవలెను గదా!

ఇట్లేల చేసితిమి? మన హోసూరు ప్రాంతమున తెలుగు తరగతులలో పిల్లలు తక్కువ. బయటివారు వచ్చినపుడు మన పూలమడియైనను నిండుగా కనబడవలెనని మనసులో నుండెను. ఖాళీ నేల కనబడిన చిన్నతనమనుకొంటిమి. ఆ భయము సహజమే కాని, దానికి మొక్కలను బలిపెట్టుట తగదు.

ఇంకొక లోపము కలదు. ఆరు మందారములలో నాలుగు ముద్దమందారములే. వాని కేసరములే చాలవరకు రేకులుగా మారుటచేత, పుప్పొడికై వచ్చు ఈగకు దొరకునది స్వల్పము. చూపునకు ఇంపే, కాని పాఠమునకు పనికిరాదు. ఉన్నవానిలో మిక్కిలి చదువు చెప్పునది మూలనున్న తంగేడు. దాని పుప్పొడి తిత్తులు చీలవు; కొనయందు చిన్న రంధ్రము మాత్రముండును. నల్లతుమ్మెద పూవును పట్టుకొని ఝుమ్మని వణకించినపుడు ఆ రంధ్రముగుండా పుప్పొడి చిమ్మును. తేనెటీగకు ఈ విద్య రాదు. ఉదయపు గంట కొట్టకముందే వచ్చినవారు ఆ చప్పుడును చెవులార వినవచ్చును. నూరువరహాలకు సీతాకోకచిలుక కావలెను. అంత సన్నని గొట్టము అడుగునకు దాని పొడవైన నాలుకయే అందగలదు. రేకమందారమునకు తేనెపిట్ట వచ్చును, అయినను అది కాయ కాయుట అరుదు. అందుచేతనే మనవారు కొమ్మ నాటి పెంచుదురు.

కావున మా అభిప్రాయమిది. మడిలో మూడే పొదలుండవలెను: తంగేడు, ఒక రేకమందారము, ఒక నూరువరహాలు. నడుమ నాలుగేసి అడుగుల ఎడము. తంగేడు వేరు లోతునకు దిగును, పెకలించిన బ్రదుకుట కష్టము. కనుక అది ఉన్నచోటనే యుండి, తక్కినవి దానిని బట్టి జరుగవలెను. గన్నేరు ఆకు, పూవు, కొమ్మ, సమస్తము విషమే. చిన్నపిల్లలు తిరుగుచోట దానిని నాటుట మా తప్పు. దానిని ముందుగా తీసివేయవలెను. నందివర్ధనము సువాసన రాత్రివేళ హెచ్చు, దానికై వచ్చు చిమ్మటలును రాత్రివే. బడిలో వానిని చూచువారెవరు? అవి ఇండ్లకు పోవుటయే మేలు.

తొలి ఏడాది ఖాళీ కనబడును. కనబడనిండు. ముందువరుసలో అడుగునకొకటి చొప్పున కనకాంబరములు నాటిన చాలును. దాని ఎండుకాయను నీటిలో వేసి చూడుడు, టప్పున పగిలి గింజలు ఎగురును. ఈ వేడుక చూడని పిల్లవాడు మన బడిలో ఉండరాదు.

ప్రతి మొక్కకు పేరు పలకయు కట్టవలెను. మన పిల్లలలో కొందరు మందారమును చెంబరుత్తి యనియే ఎరుగుదురు, తంగేడును ఆవారం అందురు. అది తప్పు కాదు, ఊరి మాట. రెండు పేర్లును రెండు లిపులలో వ్రాయుదము. కనకాంబరమునకు మాత్రము ఆ శ్రమ సగమే, పేరు ఇద్దరికిని ఒకటే.

తొలివాన పడిన తరువాతి శనివారము పని మొదలిడుదుము. మందారపు కొమ్మలు, నందివర్ధనములు, మిగిలిన నూరువరహాలు అడిగినవారికి ఇయ్యబడును. తలిదండ్రులు ఒక గునపము, తడి గోనెపట్టా వెంట తేవలెను. తీసికొనిపోవువారు మాత్రము ఇంటివద్ద ఎంత చోటున్నదో ముందుగా కొలిచి రావలెనని కోరుచున్నాము.