చలికి కాదు, చెమ్మకు

ఇంట్లో కుండీ మొక్కలు పెంచేవారి కోసం వ్రాసిన ఇంగ్లీషు పుస్తకాలు చలికాలం అనగానే మంచు సంగతి ఎత్తుకుంటాయి. కిటికీ అద్దానికి ఆకు తగలనివ్వకండి, గది వెచ్చగా ఉంచండి అంటాయి. మన నెల్లూరు తీరంలో కూర్చుని చదివితే నవ్వొస్తుంది. డిసెంబరు తెల్లవారుజామున మనం దుప్పటి వెతుక్కుంటామే గాని, అప్పుడూ వేడి 20 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. మన మొక్కలు చలికి చావవు. నీళ్లకు చస్తాయి.

మనకు ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడిపోతుంది. వరండాలోని కుండీమీద చినుకు పడకపోయినా గాలినిండా చెమ్మే. మట్టి ఆరదు. వేసవిలో రెండు పూటలా పోసిన చెయ్యి మాత్రం ఊరుకోదు గదా! వేళ్లకు నీటితోబాటు గాలీ కావాలి. మట్టి సందులన్నీ నీటితో నిండితే ఊపిరాడక వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు. అందుచేత ఆకు ఎండకు వాడినట్టే వేలాడుతుంది. అయ్యో, దాహమేసింది కాబోలునని మనం ఇంకో చెంబు పోస్తాం.

మా ఇందుకూరుపేటలో పక్కింటి వదినగారి తమలపాకు తీగకు అచ్చం ఇదే జరిగింది. కోటలోని పుట్టింటినుంచి వాళ్లమ్మగారు స్వయంగా తుంచి ఇచ్చిన తీగ అది. ఆ తల్లి ఇప్పుడు లేదు, ఆ ఇల్లూ అమ్మేశారు. కార్తీకమాసం వెళ్లేసరికి ఆకులు పసుపెక్కి రాలసాగాయి. "రోజూ పోస్తానే ఉండాను గదమ్మా, ఇంకేం చెయ్యమంటావు?" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇద్దరం కుండీ బోర్లించి చూశాం. చేలోంచి తెచ్చిన నల్లరేగడి బంకలా పట్టుకుని ఉంది. వేళ్లు నల్లబడి, ముట్టుకుంటే జారిపోతున్నాయి. మొదలు దక్కదని తేలిపోయింది. పైన పచ్చగా, గట్టిగా ఉన్న భాగం చూసి, మూడేసి కణుపులతో నాలుగు ముక్కలు కోసి, పెన్న ఇసుక సగం కలిపిన మట్టిలో గుచ్చాం. మూడు కుళ్లిపోయాయి. సంక్రాంతినాటికి నాలుగోది గోరంత ఆకు వేసింది. వదినగారు మా ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించింది.

ఇసుక అంటే సముద్రపు ఇసుక కాదండోయ్! మైపాడు విహారానికి వెళ్లి సంచితో మోసుకొచ్చేవారున్నారు. అందులోని ఉప్పు వేరును కాల్చేస్తుంది.

నీళ్లు పోసేముందు మట్టిలో రెండు కణుపుల లోతు వేలు గుచ్చండి. తడి తగిలితే ఆ రోజుకు చెంబు పక్కన పెట్టండి. కుండీకింద రెండు ఇటుక ముక్కలు పెడితే తూములోంచి నీరు దిగిపోతుంది. పళ్లెంలో మాత్రం నిలవనివ్వకండి, డెంగీ దోమకు అంతకన్న మంచి పురుటిల్లు లేదు. ఇక తులసమ్మ సంగతి. కార్తీకంలో ఇంట్లో తలా ఒక చెంబు పోస్తారు. వాన కురిసిన రోజున ఉద్ధరిణెడు చాలు, పుణ్యానికి లోటు రాదు.

తుఫాను గాలి తెచ్చే ఉప్పు మరో బెడద. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫాను మన ఒడ్డు పక్కగానే సాగింది. ఆ వారంలో మా క్రోటన్ల ఆకుల అంచులు మాడినట్టయ్యాయి. అలాంటి గాలి తగ్గగానే ఆకులను మంచినీళ్లతో కడగాలి. బోరునీళ్లు ఉప్పగా ఉండే ఇళ్లవారు ఇందుకు వాననీరు పట్టి ఉంచుకోవడం మేలు.

డిసెంబరులో మన పగలు పదకొండుంబావు గంటలే. సూర్యుడు దక్షిణానికి వాలతాడు గనుక దక్షిణపు కిటికీలోంచి ఎండ గదిలోకి బాగా వస్తుంది. వాన తెరిపి ఇచ్చిన రోజున మనీప్లాంటునూ క్రోటన్లనూ అటు జరపండి. ముసురు పట్టినన్నాళ్లూ ఎరువు వద్దు. కొత్త చిగురు కనబడ్డాక, అదీ గుప్పెడు పాత పేడ ఎరువు వేస్తే సరి.