టోపీ తీసేస్తేనే వీరుడా?

బడిలో మమ్మల్ని 'మాయల ఫకీరు' అని పిలిచేవాళ్ళు. పిలిచినవాళ్ళు పగవాళ్ళేం కాదు. మాతో గోళీలాడినవాళ్ళే. పీర్ల పండుగకు మాకంటే ముందే గుండం చుట్టూ ఆడినవాళ్ళే. బాలనాగమ్మను ఎత్తుకుపోయినవాడు ఫకీరు గనక, గడ్డమున్న మా దాదా కూడా ఆ ఫకీరేనని నమ్మారు. 1942లో జెమినీ వాళ్ళు తీసిన 'బాలనాగమ్మ'లో అతను మాయల మరాఠీ. జనం నోట్లో మాత్రం ఫకీరుగా కూడా బతికాడు. మరాఠీ ఎవరో మా బయ్యారం పిల్లలకు తెలియదు. ఫకీరు మాత్రం పక్క బెంచీలోనే వున్నాడు మరి!

అందుకే పురాణాన్నీ మాయనీ నేటి రాజకీయాలతో కలిపి తీస్తున్న సినిమాలను చూపించి 'ఇది ఉత్త కాలక్షేపం, మీకెందుకు బాధ' అంటే మేం ఒప్పుకోం. కథ ఏం చేయగలదో మాకు బడిలోనే తెలిసింది.

మాకు పురాణాల మీద కోపం లేదు. 1977లో ఎమర్జెన్సీ పోయిన ఏడాదే 'యమగోల' వచ్చింది. ఎన్టీ రామారావు యమలోకానికి పోయి అక్కడి భటుల చేత సమ్మె చేయిస్తే, కైకాల సత్యనారాయణ యముడు తల పట్టుకున్నాడు. ఆ యమలోకం మా తాలూకా ఆఫీసులాగే వుండేది. చిత్రగుప్తుడు మా గుమాస్తాలాగే వుండేవాడు. 1994లో 'యమలీల'లో అదే యముడు కిరీటంతో మనుషుల మధ్యకు దిగి ఆగమయ్యాడు. అతన్ని తిప్పలు పెట్టిన హీరో ఆలీ. మావాడే. కథలో పేరు మాత్రం మాది కాదు. అయినా మేం కుళ్ళుకోలేదు, ఈలలు వేశాం. ఎందుకంటే ఆ కథల్లో దేవుడు కుర్చీలో వున్నవాణ్ణి ఎగతాళి చేయడానికి వచ్చాడు. నవ్వడానికి ఏ మతమైతే ఏం?

ఇప్పటి కథల్లో దేవుడు నవ్వించడానికి రావడం లేదు. ఎవరు ఈ నేల బిడ్డలో, ఎవరు కాదో తేల్చడానికి వస్తున్నాడు.

2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్'నే చూడండి. కొమురం భీం ఢిల్లీలో అఖ్తర్ పేరుతో దాక్కుంటాడు. టోపీ పెట్టుకుంటాడు. ముస్లిం ఇంట్లో తలదాచుకుంటాడు. పని అయ్యేదాకా మా పేరు కావాలి, మా టోపీ కావాలి, మా గడప కావాలి. యుద్ధం వచ్చేసరికి అఖ్తర్ మాయమవుతాడు. అడవిలో రాముడి విల్లు దొరుకుతుంది, కాషాయం దొరుకుతుంది, అల్లూరి రాముడవుతాడు. చివరి పాటలో బోసు, పటేలు, భగత్‌సింగు, శివాజీ కనబడతారు. మావాడు ఒక్కడూ లేడు. జెండా మీద రాసిన 'జల్, జంగల్, జమీన్'లో జమీన్ మా ఇంట్లో మాట్లాడే మాటే. మాట మిగిలింది, మనిషి మిగల్లేదు.

ఆ కాస్త టోపీని కూడా ఓర్వలేకపోయారు. 2020 అక్టోబరులో టీజర్ రాగానే, అది తీసేయకపోతే సంగతి చూస్తామని బీజేపీ నాయకులు బెదిరించారు. తమ వీరుణ్ణి ఎలా చూపాలో అడిగే హక్కు గోండులకుంది, మేం కాదనం. కానీ రెండు గంటల మారువేషానికే ఇంత మంట పుడితే, పుట్టుకతో ఆ వేషంలో వున్నవాళ్ళం మేమేం కావాలి?

2024 జనవరి 12న 'హనుమాన్' వచ్చింది. మామూలు కుర్రాడికి హనుమంతుడి బలం వస్తుంది. మా పిల్లలూ చూశారు, గంతులేశారు. టికెట్టుకు ఐదు రూపాయల చొప్పున అయోధ్య గుడికి ఇస్తామని తీసినవాళ్ళు ముందే ప్రకటించారు. పది రోజులకు, 22న అక్కడ ప్రాణప్రతిష్ఠ. వాళ్ళ భక్తి వాళ్ళది. కానీ అది 1992 డిసెంబరు 6న మసీదు కూల్చిన చోటు. ఆ కూల్చివేత చట్ట విరుద్ధమని 2019లో సుప్రీంకోర్టే చెప్పింది. గంతులేసిన మా పిల్లలు ఆ ఐదు రూపాయల గురించి అడిగితే ఏం చెప్పాలో మాకు తెలియలేదు.

ఇంతమాట అనగానే 'నిజాం సంగతేమిటి, రజాకార్ల సంగతేమిటి' అంటారు. 1940లో భీంను జోడేఘాట్‌లో చంపింది నిజాం సర్కారు పోలీసులే. ఆ పాపాన్ని మేం దాచం. కానీ మా జనగామ పక్క కామారెడ్డిగూడెం బందగీ ఎవరు? భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో కోర్టులో కొట్లాడి, వాళ్ళ మనుషుల చేతిలో చచ్చినవాడు. 'మా భూమి' నాటకానికి ఊపిరి అతనే. 1948 ఆగస్టులో రజాకార్లు నరికి చంపిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఎవరు? మాలాగే ఉర్దూ పత్రికలో రాసుకున్నవాడు. వాళ్ళకు మీ కథల్లో విల్లు అక్కర్లేదు, కనీసం పేరైనా వుండొద్దా?

మాయలు మాకూ వున్నాయి. 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా' అనే ఉర్దూ దాస్తాన్‌లో మాయానగరాలకు లెక్కే లేదు. 1880లలో దాన్ని సంపుటాలుగా అచ్చేసి ఇంటింటికీ పంచింది లక్నోలోని మున్షీ నవల్ కిషోర్, ఒక హిందువు. అమీర్ హమ్జా కథ అచ్చేస్తే ఆయన మతం మైల పడలేదు. మన తెలుగు కథకు ఆ పాటి గుండె వుండదా?

అందుకే మేం అడిగేది నిషేధం కాదు. దేవుళ్ళను తీసుకురండి. కానీ మళ్ళీ ఆ యముణ్ణి తీసుకురండి. మా బయ్యారం కొండల్లో ఇనుప ఖనిజం వుంది. ఇక్కడ ఉక్కు ఫ్యాక్టరీ పెట్టొచ్చేమో చూడమని 2014 విభజన చట్టంలో రాశారు. అప్పుడు మేం ఖమ్మం జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. జిల్లా మారింది గానీ ఫ్యాక్టరీ రాలేదు. యముడు పాశం పట్టుకుని ఆ ఫైలు ఏ అరలో వుందో అడగనీ. చిత్రగుప్తుడు లెక్కలు తీయనీ. కోయ పిల్లా లంబాడీ పిల్లగాడూ వాళ్ళ పక్కన మా అఖ్తరూ నిలబడి నవ్వనీ.

ఆ అఖ్తర్ నెత్తిన టోపీ మాత్రం చివరి రీలుదాకా వుండాలి.