ఎగుమతి నిషేధం: గింజకు ఒక లెక్క, పశువుకు మరో లెక్క

ఎగుమతులు ఆపితే దేశంలో ధర దిగుతుందన్నది ప్రభుత్వాల నమ్మకం. గింజల విషయంలో కొంతకాలం అది నిజం కావచ్చు. పశువుల విషయంలో బెడిసికొడుతుందనటానికి అర్జెంటీనాయే సాక్ష్యం.

అక్కడి పంపా మైదానాలలో పశువులకూ, గోధుమ, మొక్కజొన్న, సోయాలకూ భూమి ఒక్కటే. ఏది గిట్టుబాటైతే రైతు దానికే మళ్లుతాడు. 2006 మార్చిలో గొడ్డుమాంసం ధరలను అదుపు చేసే నిమిత్తం ప్రభుత్వం 180 రోజుల ఎగుమతి నిషేధం ప్రకటించింది. ఆపైన కోటాలు, పర్మిట్లు వచ్చాయి. గిట్టుబాటు లేక రైతులు మందలను వదిలించుకోసాగారు. మార్కెట్టుకు సరుకు దండిగానే వచ్చింది. అయితే అందులో ఈనవలసిన ఆవులూ ఉన్నాయి. విత్తనపు గింజలు దంచుకు తిన్నట్టయింది. మేతబీళ్లు సోయా చేలయ్యాయి. 2008-09 కరువు దీనికి తోడైంది. 2007లో సుమారు 5.8 కోట్లున్న పశువులు 2011 నాటికి 4.8 కోట్లకు పడిపోయాయి. 2010లో మాంసం ధరలు మండిపోయాయి. చిన్న దేశమైన పొరుగు ఉరుగ్వే ఎగుమతులలో అర్జెంటీనాను మించిపోయింది.

గోధుమ సంగతి వేరు. అదీ పర్మిట్ల కింద నలిగినదే. కాని 2015 డిసెంబరులో సుంకం, కోటాలు తొలగించగా, మరుసటి సీజనులోనే ఉత్పత్తి సుమారు 1.1 కోట్ల టన్నుల నుండి 1.8 కోట్ల టన్నులకు పెరిగింది. గింజ ఒక్క కారులో కోలుకుంటుంది. ఆవు చూడి తొమ్మిది నెలలు. దూడ అమ్మకానికి ఎదగటానికి మరో ఏడాదిన్నర, రెండేళ్లు. పదేళ్లు గడిచినా అక్కడి మందలు పాత సంఖ్యకు చేరలేదు. అయినా 2021 మేలో మరల 30 రోజుల నిషేధం విధించారు.

మన కాకినాడ వర్తకులకు నిషేధాల రుచి తెలియనిది కాదు. 2023 జూలైలో తెల్లబియ్యం ఎగుమతులు ఆగి, 2024 సెప్టెంబరులో తిరిగి తెరుచుకున్నాయి. ఆ అనుభవంతో మాంసం, పశువుల మార్కెట్టును అంచనా వేస్తే మాత్రం నష్టపోక తప్పదు.

సామాన్యుని కంచం గురించి ప్రభుత్వానికి చింత ఉండవలసిందే. ఆ భారం ఖజానా మోయాలి గాని మంద మీద వేయరాదు. వర్తకులు గమనించవలసినది ఒక్కటే: పశువుల రాబడి పెరిగినప్పుడు ఎన్ని వచ్చాయని కాక, వాటిలో ఆవులెన్ని అని అడగాలి. ఆవులు ఎక్కువైతే నేటి మందం రేపటి తేజీకి నాంది.