వాన పడితే స్టార్ ఎవరికి తగ్గాలి?

జూన్ వచ్చిందంటే పేపర్లలో, వాట్సాప్‌లో ఒక రకం వ్యాసాలు మొలుస్తాయి. "వానాకాలంలో మీ కార్పెట్‌ను కాపాడుకోండి" అని. కిటికీలు తెరవండి, ఫ్యాన్ వేయండి, ప్రొఫెషనల్ క్లీనర్‌ను పిలవండి. కార్పెట్ ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ ఉన్నవాళ్లు, ఆ ప్రొఫెషనల్ ఎవరో, వానాకాలం అతన్ని ఏం చేస్తుందో ఒక్క ముక్క రాయరు. ఆ రాయని ముక్క గురించే ఈ వారం.

మిత్రులారా, నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ని. ప్రబంధానికి పద్దెనిమిది వర్ణనలుండాలని, అందులో ఋతువర్ణన ఒకటని ఏటా బోర్డు మీద రాస్తాను. 'ఆముక్తమాల్యద' వానాకాలంలో తడి కట్టెలతో పొయ్యి రాజుకోక అవస్థపడే ఇళ్లు కనిపిస్తాయి. అందుకే ఆ భాగం చెప్పడం నాకిష్టం. కానీ మన సాహిత్యంలో చాలా చోట్ల ఋతువంటే మేడ మీద నిలబడి చూసేది. కింద తడిసేవాడికి ఋతువంటే ఆ రోజు కూలి.

నాకు ఈ సంగతి నేర్పింది మా డిగ్రీ విద్యార్థి. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఒక యాప్ కింద సోఫాలు, కార్పెట్లు కడిగే పని. అతను చెబితే అర్థమైంది, కార్పెట్ కడగడం సగం పనే, ఆరబెట్టడం మిగతా సగం. ముందు దుమ్ము లాగాలి. షాంపూ చల్లి బ్రష్ తిప్పాలి. వేడి నీళ్లు కొట్టి మెషిన్‌తో వెంటనే పీల్చేయాలి. ఎంత పీల్చినా కొంత తడి లోపల మిగులుతుంది. దాన్ని తీసుకుపోవాల్సింది గాలి. ఆ గాలే తేమతో నిండి ఉంటే ఇంకెక్కడికి తీసుకుపోతుంది? ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో కొన్ని గంటల్లో ఆరే కార్పెట్, జూలై ముసురులో రెండో రోజుకీ ఆరదు. 24 నుంచి 48 గంటలు తడి నిలిస్తే బూజు మొదలవుతుంది. ఉన్ని కార్పెట్ అయితే మరీ మాయ. తన బరువులో దాదాపు మూడో వంతు తేమను దాచుకుని కూడా చేతికి పొడిగానే తగులుతుంది. అడుగున జనపనార ఉంటే, నెమ్మదిగా ఆరే కొద్దీ గోధుమరంగు మరక పైకి తేలుతుంది.

మూడో రోజు కస్టమర్ ఫోన్ తీస్తాడు. "వాసన వస్తోంది. మురికి నీళ్లతో కడిగాడు." ఒక్క స్టార్. కంపెనీ నుంచి మెసేజ్: ఉచితంగా మళ్లీ చేసి రా. పెట్రోల్ అతనిది, షాంపూ అతనిది, పోయిన పూట అతనిది. రేటింగ్ ఇంకాస్త తగ్గితే ఐడీ బ్లాక్.

"సార్, వాన నేను పడమన్ననా?" అని అడిగాడు ఆ పిల్లగాడు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది కంపెనీ. వాన పడగానే ఆటోకీ, బిర్యానీకీ రేటు పెంచడం యాప్‌ల వ్యాపారానికి బాగా తెలుసు. చినుకు పడితే చార్జీ పెంచే తెలివి ఉన్నవాళ్లకు, చినుకు పడితే కార్పెట్ ఆరదని తెలియదా? తెలుసు. లాభం వచ్చే వాన కంపెనీ ఖాతాలోకి, నష్టం వచ్చే వాన కార్మికుడి ఖాతాలోకి. ఇదీ ఏర్పాటు.

ఎండాకాలం సుఖమా అంటే అదీ లేదు. ఎండకు నురగ పీల్చేలోపే ఎండిపోతుంది. మిగిలిన షాంపూ జిగురై వారంలో దుమ్మును లాక్కుంటుంది. మళ్లీ ఫిర్యాదు. విజయవాడ, విశాఖ లాంటి చోట్ల మేలో ఉక్కపోత వల్ల ఎండ ఉండీ కార్పెట్ తొందరగా ఆరదు, ఒంటి మీద చెమటా ఆరదు. ఇంట్లోవాళ్లు ఏసీ గదిలోకి వెళ్లి తలుపేసుకుంటారు. హాల్లో ఇతను వేడి నీళ్ల ఆవిరిలో మోకాళ్ల మీద కూర్చుంటాడు. చలికాలం పైపులో నీళ్లు చల్లారిపోయి మరక వదలదు, డిటర్జెంట్‌కు వేళ్లు పగులుతాయి. వానాకాలం కాలి వేళ్ల సందులు నాని పుండవుతాయి.

యాప్‌లో కూడా లేనివాళ్ల గతి ఇంకా అన్యాయం. ఫంక్షన్ హాళ్ల దగ్గర, టెంట్ హౌస్‌ల దగ్గర రోజుకూలీకి ఎర్ర కార్పెట్లు ఉతికేవాళ్లున్నారు. వైశాఖంలో, జ్యేష్ఠంలో రెండు పెళ్లిళ్ల మధ్య ఒక్క రాత్రిలో ఉతికి ఆరబెట్టాలి. శ్రావణంలో బురద కాళ్లు తొక్కిన కార్పెట్ తడి బరువుతో ఇద్దరికీ లేవదు. నడుమ ఆషాఢం వస్తే, మూఢం వస్తే పెళ్లిళ్లు లేవు, పనీ లేదు. పంచాంగం వాళ్లది, పస్తు మనది.

ఇక్కడ ఒక అభ్యుదయ మిత్రుడు తప్పకుండా అంటాడు: "ఇది గిగ్ కార్మికుల సమస్య, ఇందులో కులమెందుకు?" ఎందుకో చెబుతా. నాకు తెలిసిన మేరకు ఈ పనిలో ఉన్నవాళ్లు మాల, మాదిగ, చాకలి పిల్లలు, పేద ముస్లింలు, ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన వలస కూలీలు. యూనిఫాం కొత్తది, పేరు ఇంగ్లీషుది. ఇంకొకడి మురికిని ఎవరు ముట్టుకోవాలనే నిర్ణయం పాతదే. 1936లో 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ చెప్పింది ఇదే: కులం పనిని పంచి ఊరుకోదు, పనిచేసే మనుషులనే మెట్లు మెట్లుగా విడగొడుతుంది. తడి ఆరకపోతే "తేమ ఎక్కువుంది" అనే మాట కస్టమర్ నోటికి రాదు. "మురికి నీళ్లు వాడాడు" అనే మాటే వస్తుంది. ఆ అనుమానం వయసు వేల ఏళ్లు. మురికి వాళ్లింటిది, వాసన మాత్రం మన ఒంటిదట!

2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్నాం. సంతోషం. బట్ట ఉతికే చేతుల పేరు బోర్డు మీదికి ఎక్కింది. ఆ చేతుల కూలి చట్టంలోకి ఎప్పుడు ఎక్కుతుంది?

చట్టం సంగతీ చూద్దాం. అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ సభ్యుడిగా ఉన్న కాలంలోనే, 1946లో, ఫ్యాక్టరీ పని వారానికి 48 గంటలకు తగ్గింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్‌లో, పనిచేసే చోట గాలి, ఉష్ణోగ్రత భరించేలా ఉంచే బాధ్యత యాజమాన్యానిదేనని రాసుకున్నారు. మరి ఇంకొకరి డ్రాయింగ్ రూమే ఫ్యాక్టరీ అయినవాడికి ఆ సెక్షన్ ఎక్కడ? తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోతే కుటుంబానికి 4 లక్షలు ఇస్తామంది. ఇవ్వాల్సిందే. కానీ చచ్చినవాడికి కనబడిన ఎండ, బతికి పనిచేస్తున్నవాడికి కనబడొద్దా? అదే నెలలో గిగ్ కార్మికుల బిల్లు ముసాయిదా కూడా బయటికొచ్చింది. సంక్షేమ బోర్డు, నిధి అన్నారు. మంచిదే. నిధి రేపటి ముచ్చట. ముసురు ఇవాళ పడుతోంది.

అందుకే మనం అడగాల్సినవి సూటిగా ఉండాలి. గాలిలో తేమ ఎంతుందో వాతావరణ శాఖ రోజూ చెబుతుంది. తేమ ఎక్కువున్న రోజు కార్పెట్ ఆరడానికి ఎంతసేపు పడుతుందో బుకింగ్ అప్పుడే కస్టమర్‌కు యాప్ చెప్పాలి. వాతావరణం వల్ల మళ్లీ చేయాల్సిన పనికి పూర్తి కూలి కంపెనీ ఇవ్వాలి. ఆ కారణంగా వచ్చిన రేటింగ్ మీద ఎవరి ఐడీ ఆపకూడదు. బ్లోయర్లు, గ్లవ్స్, బూట్లు కంపెనీ ఖర్చు. వడగాలి హెచ్చరిక ఉన్న రోజు మధ్యాహ్నం పని ఆపాలి, కూలి ఆపకూడదు. ఫంక్షన్ హాల్ కూలీలకు కూడా ఇవే వర్తించాలి.

విద్యార్థి సంఘాల తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ పక్క బెంచీలో నిద్రపోతున్నవాణ్ని రాత్రి ఏం పనికి పోయాడో అడగండి. అతను చెప్పింది రాసుకోండి. కార్మిక శాఖకు ఇచ్చే వినతిపత్రంలో మొదటి పేరా అదే కావాలి. మీ ఇంట్లో కార్పెట్ ఆరకపోతే స్టార్ కోయకండి. పైకి చూడండి, మబ్బు కనబడుతుంది. తర్వాత కంపెనీకి ఫోన్ చేసి, ఆ మబ్బు ఖర్చు ఎవరు కడుతున్నారో అడగండి.

జై భీమ్.