తుప్పును తొందరపడి తోమకండి

మీ ఇంట్లోనో, మీ బంధువుల ఇంట్లోనో అటక మీద పాత కత్తి ఒకటి గుడ్డలో చుట్టి ఉందా? ధాన్యపు గది మూలన తుప్పు పట్టిన బల్లెం మొన ఒకటి పడి ఉందా? ఉంటే ఈ వ్యాసం మీ కోసమే. లేకపోయినా చదవండి. రేపు మీ స్నేహితుడు అలాంటిది బడికి తెచ్చి చూపించినప్పుడు, చెయ్యకూడని పని చెయ్యకుండా అతన్ని ఆపగలిగేది మీరే కావచ్చు.

చెయ్యకూడని ఆ పని నేను చేశాను. సైన్సు టీచరుగా కొత్తగా చేరిన రోజులవి. ఇప్పటికి ముప్పయ్యేళ్ళ కిందటి మాట. దసరా సెలవులకు ముందు తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు వాళ్ళ ముత్తాత కత్తిని గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. “సార్, ఆయుధపూజకు మెరిసేటట్టు చేసి పెడతారా?” అని అడిగాడు. తుప్పు గురించి పాఠం చెబుతున్న రోజులు కావడంతో మంచి అవకాశం దొరికిందనుకున్నాను. ప్రయోగశాల బీరువాలోంచి హైడ్రోక్లోరికామ్లం తీసి, నీళ్ళు కలిపి, పిల్లలందరి ముందూ కత్తికి పూశాను. తుప్పు కరిగి పసుపుపచ్చని ద్రవమై కారిపోయింది. నల్లబల్ల మీద సమీకరణం రాశాను. తరవాత గరుకు కాగితంతో రుద్దించాను. కత్తి అద్దంలా మెరిసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

పిడికి దగ్గరగా, తుప్పు కింద, పచ్చగా మెరిసే సన్నని గీతలు కొన్ని ఉండడం ముందే చూశాను. అవి బంగారు తీగతో రాసిన అక్షరాలు. బంగారాన్ని ఈ ఆమ్లం ఏమీ చెయ్యలేదని నాకు తెలుసు. కాని ఆ బంగారం కింద ఉన్నది ఇనుమే అన్న సంగతి నాకు తట్టలేదు. ఇనుము మీద గీతలు గీకి గరుకు చేసి, ఆ గరుకులో బంగారు తీగను సుత్తితో అదిమి అలా రాస్తారు. ఆమ్లం కింది ఇనుమును తినేసింది. పట్టు పోయిన బంగారం గరుకు కాగితానికి అంటుకుని వచ్చేసింది. సమీకరణం సరిగానే రాశాను. కత్తిని మాత్రం చదవలేదు.

ఆ అక్షరాలు ఏ భాషవో ఇక ఎవరూ చెప్పలేరు. అవి కత్తి చేసినవాడి పేరో, చేయించుకున్నవాడి పేరో, ఏ సంవత్సరమో కావచ్చు. అందుకే చెబుతున్నాను. పాత ఆయుధం అలంకారం కాదు, అది ఒక పుస్తకం. తుప్పు దాని మీది దుమ్ము. దుమ్ము దులపబోయి పుటలు చింపకూడదు.

కత్తిలో చదవడానికి ఏముంటుందని అడుగుతారేమో! చాలా ఉంటుంది. మొదట ఆకారం చూడండి. వంపు తిరిగిన అలుగు, పిడి చివర గుండ్రని బిళ్ళ ఉంటే అది సాధారణంగా తల్వారు. నిటారుగా, వెడల్పుగా ఉండి పిడి చివర మేకు లాంటి కొమ్ము ఉంటే అది ఖండా. రెండు నిలువు కడ్డీల మధ్య అడ్డంగా పట్టుకునే పిడి ఉన్న పొట్టి ఆయుధం కఠారు. దాన్ని పిడికిలితో గుద్దినట్టుగా పొడుస్తారు. మోచేతి దాకా ఇనుప తొడుగు ఉన్నది పట్టా.

కాని పిడిని చూసి తీర్పు చెప్పెయ్యకండి. పిడి విరిగితే కొత్తది వేసేవారు. అలుగు ఒక కాలానిది, పిడి మరొక కాలానిది కావచ్చు. యూరపు నుంచి ఓడల్లో వచ్చిన అలుగులకు మన దేశపు పిడులు అమర్చిన కత్తులు ఎన్నో ఉన్నాయి. వాటినే ఫిరంగీ కత్తులనేవారు. పరదేశపు సరుకుకు గిరాకీ ఉండడంతో, యూరపు పనివాళ్ళ ముద్రలను ఇక్కడ తయారైన అలుగుల మీద కూడా కొట్టేవారు. కాబట్టి ముద్ర కనిపించగానే నమ్మడమూ తప్పే. సైన్సులో లాగానే ఇక్కడా ఒక్క సాక్ష్యం చాలదు. నాలుగు సాక్ష్యాలు ఒకే మాట చెప్పాలి.

అలుగు పొడవునా ఒక గాడి ఉంటే “ఇది రక్తం కారిపోవడానికి” అని పెద్దవాళ్ళు చెబుతారు. అది నిజం కాదు. గాడి వల్ల ఇనుము తగ్గి కత్తి తేలికవుతుంది. బరువు తగ్గినంతగా బిరుసుదనం మాత్రం తగ్గదు. ఇళ్ళు కట్టేటప్పుడు వాడే ఇనుప దూలాలకు నడుమ భాగం పలచగా ఉండడం మీరు చూసే ఉంటారు. రెండింటిలోనూ ఉన్న సూత్రం ఒక్కటే. అలాగే, పూర్వపు కత్తులు మణుగుల బరువుండేవన్నదీ కట్టుకథే. ఒంటిచేత్తో తిప్పే కత్తి బరువు సాధారణంగా కిలోకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఒకసారి తూచి చూస్తే తెలిసిపోయే సంగతి ఇది. తూచకుండా తరతరాలుగా చెప్పుకుంటున్నాం.

ఇక అన్నిటికన్న విలువైన సాక్ష్యం ఉక్కులోనే ఉంటుంది. కొన్ని పాత అలుగుల మీద నీటి అలల వంటి గీతలు కనిపిస్తాయి. అవి పైన గీసినవి కావు. డమాస్కస్ కత్తులని ప్రపంచమంతా పొగిడిన కత్తులలో మేలైనవి ఇలాంటివే. వాటికి కావలసిన ఉక్కు చాలావరకు దక్షిణ భారతం నుంచి పోయేది. 17వ శతాబ్దంలో ఇక్కడ తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, గోల్కొండ రాజ్యపు ఉక్కు పర్షియాకు పోతున్నదని రాశాడు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో ఉక్కు తయారీని 1820లో హెన్రీ వాయ్‌సీ స్వయంగా చూశాడు. ఆయన వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు కూడా. ఉక్కు కొనడానికి పర్షియా నుంచి వచ్చిన వర్తకుడు ఆయనకు అక్కడే కనిపించాడు. ఇంగ్లీషువారు ఈ లోహాన్ని “ఊట్జ్” అన్నారు. అది మన “ఉక్కు” అన్న మాటకే వచ్చిన మార్పు అని పండితులు చాలామంది అంటారు.

దాన్ని ఎలా చేసేవారు? ఊక కలిపిన మట్టితో మూస చేసి, అందులో ఇనుప ముక్కలు పెట్టేవారు. దక్షిణాదిన కొన్నిచోట్ల వాటితోబాటు తంగేడు కట్టె, జిల్లేడు ఆకులు వేసేవారు. మూతి మట్టితో మూసి, తిత్తులతో గంటల తరబడి ఊదేవారు. కట్టె, ఆకులు మాడి కర్బనమవుతాయి. ఆ కర్బనాన్ని ఇనుము పీల్చుకుంటుంది. శుద్ధమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. నూటికి ఒకటిన్నర పాళ్ళు కర్బనం చేరితే సుమారు వంద డిగ్రీల ముందే పూర్తిగా కరిగిపోతుంది. కరిగినదాన్ని నిదానంగా చల్లారనిస్తే ఉక్కు ముద్ద తయారవుతుంది. ఆ కమ్మరులు మన పాఠ్యపుస్తకం చదవలేదు. పని మాత్రం తెలుసు.

ఈ ఉక్కు రహస్యం తెలుసుకోవాలని యూరపు శాస్త్రజ్ఞులు ఎంతో శ్రమ పడ్డారు. 1795లో జార్జి పియర్సన్ లండను రాయల్ సొసైటీ ముందు దీనిని గురించి పరిశోధన పత్రం సమర్పించాడు. విద్యుత్తు పాఠంలో మీకు పరిచయమైన మైకేల్ ఫారడే కూడా 1819లో దీన్ని పరీక్షించాడు. ఆయన కమ్మరి కొడుకే! ఉక్కులోని అల్యూమినా, సిలికాల వల్ల ఈ గుణం వచ్చిందనుకున్నాడు. అది పొరపాటని తరవాత తేలింది.

అసలు సంగతి తేల్చడానికి సాయపడినవి పాత కత్తులే. హెన్రీ మోజర్ అనే స్విట్జర్లాండు సేకర్త తాను పోగుచేసిన తూర్పు దేశాల వస్తువులను 1914లో బెర్న్ నగరపు మ్యూజియానికి ఇచ్చాడు. వాటిలోని కొన్ని కత్తులను 1924లో షోకే అనే శాస్త్రజ్ఞుడు ముక్కలు కోసి పరీక్షించాడు. ఆ కత్తుల ముక్కలనే 1998లో అమెరికాలో వెర్హోవెన్, పెండ్రే, వారి సహచరుడు మళ్ళీ పరిశీలించారు. ఉక్కులో నూటికి వందో వంతు పాలు కూడా లేని వెనేడియం వంటి మూలకాలు ఇనుప కార్బైడును వరుసలుగా పేరుస్తాయని, ఆ వరుసలే మనకు అలల్లా కనిపిస్తాయని చెప్పారు. 2006లో జర్మనీ శాస్త్రజ్ఞుడు పౌఫ్లర్, ఆయన బృందం వాటిలోనే ఒక కత్తి ముక్కలో కర్బనపు అతి సూక్ష్మ గొట్టాలు కనిపించాయని ప్రకటించారు.

దీనిలోని నీతి గమనించండి. 1914లో కత్తులిచ్చిన మనిషికి వెనేడియం సంగతి గాని, సూక్ష్మ గొట్టాల సంగతి గాని తెలియదు. తనకు తెలియని ప్రశ్నలకు కూడా జవాబులు దాచి పెట్టాడు. ఇదీ సేకరణ అంటే! నలుగురికీ చూపించి గొప్ప చెప్పుకోవడానికి గోడకు తగిలించేది సేకరణ కాదు.

దీనికి వ్యతిరేకమైన కథ కూడా మన దక్షిణాదిలోనే జరిగింది. తంజావూరు రాజుల ఆయుధశాల పేరుపొందినది. 1855లో ఆ సంస్థానం ఇంగ్లీషువారి వశమైన తరవాత, అందులో ఎంచిన కొన్ని మద్రాసు మ్యూజియానికి చేరాయి. మిగిలినవాటిలో ఎన్నింటినో విరగ్గొట్టి పాత ఇనుముగా అమ్మేశారు. మనం దానికి పరాయివాళ్ళను తిడతాం. తిట్టవలసిందే. కాని ఇవాళ మనమే తాతగారి కత్తిని కిలోల లెక్కన పాత ఇనుప సామాన్లవాడికి వేస్తున్నామంటే ఏమనాలి?

మీరు నాకు ఎదురు చెప్పవచ్చు. “తుప్పును అలాగే వదిలేస్తే కత్తి మొత్తం పోతుంది గదా?” అనవచ్చు. మంచి ప్రశ్న. వదిలెయ్యమని నేను అనడం లేదు. తుప్పు పట్టడానికి గాలి, తేమ రెండూ కావాలి. తేమను దూరం చెయ్యండి. పొడిగుడ్డతో మెల్లగా తుడిపించి, కుట్టుమిషను నూనె పలచగా రాయించి, పొడిగా ఉన్నచోట పెట్టించండి. తోలు ఒర తేమను పట్టి ఉంచుతుంది గనుక ఒరను వేరుగా ఉంచడం మేలు. అంతకు మించి ఏం చెయ్యాలన్నా మ్యూజియంలో ఆ పని తెలిసినవారినే అడగాలి. ఇటుకపొడి, చింతపండు, నిమ్మరసం, గరుకు కాగితం, ఆమ్లం — ఇవేవీ వద్దు. ఆమ్లం పోసిన ఇనుములో క్లోరైడు మిగిలిపోయి, మళ్ళీ మరింత త్వరగా తుప్పు పడుతుంది. నేను మెరిపించిన కత్తి సంక్రాంతి నాటికే ఎర్రబడింది.

“మా తాత కత్తి మా ఇష్టం” అని ఇంకొకరు అనవచ్చు. కత్తి మీదే. దానిలో ఉన్న సమాచారం మాత్రం అందరిదీ. చట్టం కూడా కొంతవరకు ఈ మాటే అంటుంది. వందేళ్ళు దాటిన ఇటువంటి వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదని 1972 నాటి పురావస్తువుల చట్టం చెబుతోంది. భూమిలో దొరికిన విలువైన పాత వస్తువును గురించి కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. ఆయుధాలకు వేరే చట్టమూ ఉంది. అందుచేత కత్తులు కొనడం, వాటిని బడికి తేవడం మీ పని కాదు.

మరి మీ పని ఏమిటి? కత్తులను కాదు, కత్తుల వివరాలను సేకరించండి. పెద్దవాళ్ళ చేత కత్తిని బల్ల మీద పెట్టించి, ముట్టుకోకుండా చూడండి. ఫొటో తియ్యండి, పక్కన స్కేలు పెట్టడం మరచిపోవద్దు. పొడవు, వెడల్పు, బరువు పెద్దవాళ్ళతో కొలిపించి రాసుకోండి. గుర్తులు, అక్షరాలు ఎలా కనిపిస్తే అలాగే బొమ్మ గియ్యండి. అర్థం కాలేదని వదిలెయ్యకండి. చివరగా మీ నాయనమ్మ పక్కన కూర్చుని, అది ఎవరిది, ఏ ఊరి నుంచి వచ్చింది, ఎవరు చెప్పగా విన్నది అని అడిగి, తేదీ వేసి రాయండి. నాయనమ్మ చెప్పినది, మీరు కళ్ళారా చూసినది వేరువేరుగా రాయండి. తరవాత హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూసి, మీ బొమ్మతో పోల్చుకోండి.

ఆ గదిలోనే నాకు నా తప్పు తెలిసింది. అద్దాల వెనక ఒక కత్తి. పిడి దగ్గర పచ్చని సన్నని అక్షరాలు. ఎవరో వాటిని చదివి, పక్కన చీటీ మీద రాసిపెట్టారు. చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆ కుర్రవాడు ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. కలిసినప్పుడల్లా ఎంతో ఆదరంగా పలకరిస్తాడు. ఈమధ్య ఒకసారి, “సార్, మా కత్తి మీద ఏదో రాసుండేది గదా! ఏమని ఉండేదంటారు? మా అబ్బాయి అడుగుతున్నాడు” అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా పిల్లల ప్రశ్నలకు జవాబులు చెబుతున్నవాణ్ణి. ఆ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. మీ ఇంట్లో ఉన్న కత్తిని గురించి రేపు మీ పిల్లలు అడిగితే చెప్పడానికి, ఇవాళే ఒక కాగితం, పెన్సిలు తీసుకోండి.