నీరుకాకి కాకి కాదు

కాకినాడకు దక్షిణమున, గోదావరి పాయలు సముద్రమును చేరుచోట, కోరింగ మడ అడవులు కలవు. ఆటు సమయమున అచ్చట బురదలో నాటిన కొయ్యలపై నల్లని పక్షులు రెక్కలు రెండును చాచి కదలక నిలిచియుండును. వానిని నీరుకాకు లందురు. ఆ పేరు పెట్టినవాడు రంగును చూచెను గాని పనిని చూడలేదని నా యభిప్రాయము.

కాకికిని దీనికిని నలుపు తప్ప వేఱు పోలిక లేదు. దీని మెడ పొడవు. ముక్కు కొన కొక్కెమువలె క్రిందికి వంగియుండును. కాలివ్రేళ్లు నాలుగింటిని ఒకే పలుచని తోలు కలిపియుంచును. బాతునకైనను మూడు వ్రేళ్లే అట్లు కూడియుండును. ఈ పాదములతో నీటిని వెనుకకు నెట్టుచు చేపను తఱుముకొని పోవును. కొంగవలె గట్టున కాచియుండదు.

రెక్కలు చాచుట యెందులకు? దీని యీకల అంచులు నీటిని పీల్చుకొనును. నడిమి భాగము తడియదు. తడిసిన యీకలలో గాలి తక్కువ నిలుచును గనుక మునుగుట సులభము. పైకి వచ్చిన పిమ్మట ఎండలో ఆరక తప్పదు. దీనిని కొందఱు లోపమందురు. నాకది తెలిసి చేసికొన్న బేరమువలె తోచును.

మన తీరమున నీరుకాకులు మూడు జాతులు. 80 సెంటీమీటర్లకు మించిన పొడవు, తెల్లని గడ్డము, నోటి మొదట పసుపు చర్మము గలది పెద్దది. 50 సెంటీమీటర్ల పొడవును, పొట్టి ముక్కును గలది చిన్నది. నడిమిదానికి ముక్కు సన్ననిది, కన్ను నీలము కలిసిన ఆకుపచ్చ. ఈదునపుడు ఒడలు మునిగి మెడ మాత్రమే పామువలె కనబడి, ముక్కు సూదివలె తిన్నగా నున్నచో అది నీరుకాకియే కాదు, వేఱొక పక్షి. అదియును రెక్కలు చాచి ఆరబెట్టుకొనును గావున పెద్దలును పొరపడుదురు.

ఈ పక్షులు తీరమును విడిచి మంచినీటి చెరువులకును వచ్చును. ఇంత పరీక్ష యేల, చేపను తినునది ఏదైనను ఒకటేయని కొల్లేటి ప్రాంతమున చేపల చెరువు గలవాడు అడుగవచ్చును. అతని నష్టమును నేను కాదనను. చేపపిల్లలకై సొమ్ము వెచ్చించినవానికి పక్షి వేసిన ప్రతి మునకయు గుండెలో గ్రుచ్చుకొనును. కాని అరకిలో బరువైన చిన్న నీరుకాకి మ్రింగగలిగిన చేప వేఱు, రెండు మూడు కిలోల పెద్దది మ్రింగగలిగినది వేఱు. వచ్చినది ఏదో చూడకయే తుపాకి యెత్తుట న్యాయమా? పిల్లలను పెంచు గుంటపై వల కప్పవచ్చును. కిలో తూగు చేపలున్న చెరువుగట్టున నిలిచిన చిన్నదానిని ఆరనిచ్చిన నష్టమేమి?