వరదయు వాదమును

సూరత్ నగరమున సలాబత్‌పురా వస్త్రవ్యాపారమునకు పేరుగన్న పేట. ఆ నగరపు మగ్గముల వెనుక తెలంగాణము నుండి వలసవచ్చిన పద్మశాలీల శ్రమయు కలదు. 2006 ఆగస్టులో తాపీనది పొంగి నగరమున అధికభాగము మునిగెను. ఉకాయి జలాశయము నుండి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు విడిచిరి. ముందే కొద్దికొద్దిగా ఏల విడువలేదని ప్రజలడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. కాని దానిని అడ్డుపెట్టుకొని, "తప్పు ఆనకట్టది, భూమి వేడెక్కుట కట్టుకథ" యనుట న్యాయము కాదు. ఒక్క వరదతో భూతాపమును రుజువుచేయలేము, కాదనను లేము. దానికి కొలతలే ప్రమాణము.

గాలిలో బొగ్గుపులుసు వాయువు 1958లో పదిలక్షల పాళ్ళకు 315. 2024లో 420 దాటినది. హిమాలయముల మంచు 2035 నాటికి కరగిపోవునని 2007లో వ్రాసిన అంతర్జాతీయ సంఘము, అది పొరపాటని 2010లో తానే ఒప్పుకొన్నది. సందేహవాదులు దీనిని శాస్త్రమునకు పరాజయమందురు. ఒక కొలత తప్పినచో వర్తకుడు బట్టను తిరిగి కొలుచును గాని గజముబద్దను విరిచి పారవేయడు గదా!

గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో సుమారు నూటికి 7 పాళ్ళు అధికముగా ఆవిరిని మోయగలదు, కుండపోతలు ముదురును. కావున ఆనకట్ట లెక్కలు దిద్దవలెననువాడే భూతాపమును అందరికంటె ముందుగా అంగీకరింపవలసినవాడు.